జీన్ లియొనార్డ్ మేరీ ప్వాజోయ్

జీన్ లియొనార్డ్ మేరీ ప్వాజోయ్ (ఏప్రిల్ 22, 1797 - డిసెంబర్ 26, 1869) ఫ్రాన్సు దేశానికి చెందిన వైద్యుడు, శరీరధర్మ శాస్త్రవేత్త, భౌతిక శాస్త్రవేత్త. సన్నని వృత్తాకార గొట్టం గుండా ద్రవం ఎంత పరిమాణంలో ప్రవహిస్తుందో తెలిపే నియమాన్ని ఈయన ప్రయోగాల ద్వారా కనుగొన్నాడు. ఈ నియమాన్ని ప్వాజోయ్ నియమం అనీ, హేగెన్-ప్వాజోయ్ నియమం అనీ పిలుస్తారు. పాదరసంతో నిండిన వంపు గొట్టాన్ని ఉపయోగించి జంతువుల రక్తపోటును కొలిచిన తొలి శాస్త్రజ్ఞుడు కూడా ఈయనే. స్నిగ్ధతకు ప్రమాణమైన పాయిజ్ ఈయన పేరు మీదుగానే ఏర్పడింది. ఈయన ఇంటిపేరును ఫ్రెంచి ఉచ్చారణ ప్రకారం ప్వాజోయ్ అని పలుకుతారు. ఆంగ్ల అక్షరక్రమాన్ని అనుసరించి పాయిజుయిల్లీ వంటి రూపాలలో వ్రాయడం కూడా కద్దు.

ప్వాజోయ్ నియమం నేడు భౌతికశాస్త్రంలోను, ఇంజనీరింగులోను, రసాయనశాస్త్రంలోను పాఠ్యాంశంగా ఉన్నది. అయితే ఇది నీటి సరఫరా కోసమో, యంత్రాల కోసమో కనుగొన్నది కాదు. శరీరంలోని అతి సన్నని రక్తనాళాలలో రక్తం ఎలా కదులుతుందో తెలుసుకోవాలన్న ఒక వైద్యుని ప్రయత్నం నుండి ఇది పుట్టింది.

బాల్యము, విద్యాభ్యాసము

ప్వాజోయ్ 1797 ఏప్రిల్ 22 న పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి వడ్రంగి. 1815 లో ప్వాజోయ్ పారిస్‌లోని ప్రఖ్యాత విద్యాసంస్థ ఎకోల్ పాలిటెక్నిక్‌లో ప్రవేశం పొందాడు. ఫ్రెంచి విప్లవ కాలంలో, 1794 లో, స్థాపించబడిన ఈ పాఠశాలలో గణితము, భౌతికశాస్త్రము ఉన్నత స్థాయిలో బోధించేవారు. ఆంపియర్, అరాగో వంటి ప్రసిద్ధ శాస్త్రజ్ఞులు ఆ కాలంలో అక్కడ అధ్యాపకులుగా ఉండేవారు.

ప్వాజోయ్ చేరిన సంవత్సరంలోనే నెపోలియన్ వాటర్లూ యుద్ధంలో ఓడిపోయి, ఫ్రాన్సులో రాజరికం తిరిగి స్థిరపడింది. పాలిటెక్నిక్ విద్యార్థులలో రాజరికంపై వ్యతిరేకత బలంగా ఉండేది. 1816 ఏప్రిల్‌లో ప్రభుత్వం పాఠశాలను మూసివేసి విద్యార్థులందరినీ ఇళ్ళకు పంపివేసింది. మరుసటి సంవత్సరం పాఠశాల తిరిగి తెరుచుకున్నప్పటికీ ప్వాజోయ్ అక్కడికి వెళ్ళలేదు. ఆయన వైద్యవిద్య వైపు మళ్ళాడు. ఈ విధంగా భౌతికశాస్త్రంలో గట్టి పునాది, కచ్చితమైన కొలతల మీద ఆసక్తి కలిగిన ఒక యువకుడు వైద్యరంగంలో ప్రవేశించాడు. ఆయన తరువాతి పరిశోధనలన్నిటిలోను ఈ రెండు విద్యల కలయిక కనిపిస్తుంది.

రక్తప్రసరణ గురించి నాటి అవగాహన

శరీరంలో రక్తం వలయాకారంగా ప్రసరిస్తుందని ఇంగ్లండుకు చెందిన విలియం హార్వే 1628 లో ప్రకటించాడు. ధమనులను, సిరలను కలిపే అతి సన్నని రక్తకేశనాళికలను ఇటలీకి చెందిన మాల్పిఘీ 1661 లో కప్ప ఊపిరితిత్తులలో సూక్ష్మదర్శిని ద్వారా చూశాడు. అయితే గుండె ఎంత బలంతో రక్తాన్ని నెడుతుంది, ఆ బలం ఏ నాళాలలో ఎంత ఖర్చవుతుంది అనే ప్రశ్నలకు కొలతలతో కూడిన సమాధానాలు చాలాకాలం లభించలేదు.

ఈ దిశలో మొదటి ముఖ్యమైన ప్రయత్నం చేసినవాడు ఇంగ్లండుకు చెందిన మతాచార్యుడు స్టీఫెన్ హేల్స్. ఆయన గుర్రపు ధమనిలో ఒక పొడవైన గాజు గొట్టాన్ని నిలువుగా అమర్చి, అందులో రక్తం ఎంత ఎత్తుకు ఎగబ్రాకుతుందో కొలిచాడు. రక్తం 8 అడుగులకు పైగా, అనగా సుమారు 2.5 మీటర్ల ఎత్తు వరకు లేచింది. ఈ ఫలితాలను 1733 లో ప్రచురించాడు. ఈ పద్ధతి విలువైనదే గానీ దానితో పని చేయడం కష్టం. గొట్టం చాలా పొడవుగా ఉండాలి, జంతువు కదలరాదు, రక్తం గొట్టంలోనే గడ్డకట్టిపోతుంది, పైగా గొట్టాన్ని నింపడానికే చాలా రక్తం ఖర్చవుతుంది.

రక్తపోటు కొలత

వైద్యపట్టం కోసం 1828 లో సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో ప్వాజోయ్ ఈ సమస్యకు ఒక సరళమైన పరిష్కారం చూపాడు. ధమని నుండి ప్రవహించే రక్తపు బలాన్ని కొలవడమే ఆ వ్యాసం విషయం. ఆయన పొడవైన నిలువు గొట్టానికి బదులు, వంపు తిరిగిన గాజు గొట్టంలో పాదరసాన్ని నింపి దాని ఒక కొసను ధమనితో కలిపాడు. పాదరసం నీటికంటే 13.6 రెట్లు సాంద్రమైనది. కనుక రెండున్నర మీటర్ల రక్తపు స్తంభం చూపే పీడనాన్ని సుమారు 19 సెంటీమీటర్ల పాదరస స్తంభం చూపగలదు. పరికరం బల్లమీద ఇమిడేటంత చిన్నదయింది.

రక్తం గడ్డకట్టడమనే రెండవ చిక్కును తొలగించడానికి, ధమనికి పాదరసానికి మధ్యనున్న భాగంలో పొటాషియం కార్బొనేటు ద్రావణాన్ని నింపాడు. దీనివలన కొలతకు కావలసినంత సమయం లభించింది. ఈ పరికరానికి ఆయన రక్తబలమాపకం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. రక్తపోటును పాదరసపు మిల్లీమీటర్లలో చెప్పే అలవాటు ఈ పరికరంతోనే మొదలయింది. పాదరసపు పరికరాలను పర్యావరణ కారణాల వలన క్రమంగా తొలగిస్తున్నప్పటికీ, వైద్యులు రక్తపోటును నేటికీ ఆ ప్రమాణంలోనే వ్రాస్తున్నారు.

ఈ పరికరంతో ప్వాజోయ్ గుర్రాలు, కుక్కలు మొదలైన జంతువుల ధమనులలో పీడనాన్ని కొలిచాడు. గుండెకు దూరంగా పోయేకొద్దీ పీడనం బాగా తగ్గిపోతుందని నాడు చాలామంది భావించేవారు. కానీ గుండెకు దగ్గరగా ఉన్న పెద్ద ధమనిలోను, దూరంగా ఉన్న చిన్న ధమనిలోను సగటు పీడనం దాదాపు సమానంగా ఉన్నట్లు ఆయన గమనించాడు. శ్వాసక్రియతో పాటు రక్తపోటు కొద్దిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుందని కూడా గుర్తించాడు. 1847 లో జర్మనీకి చెందిన కార్ల్ లుడ్విగ్ ఇదే వంపు గొట్టంలోని పాదరసంపై ఒక తేలుడు బిళ్ళను, దానికి ఒక కలాన్ని అమర్చి, రక్తపోటు మార్పులు తిరుగుతున్న కాగితంపై వాటంతట అవే నమోదయ్యేలా చేశాడు.

ధమనులలో పీడనం తగ్గడం లేదు. సిరలకు చేరేసరికి మాత్రం అది చాలా తక్కువగా ఉంటుంది. కనుక గుండె కల్పించిన పీడనంలో అధికభాగం ఈ రెండింటి మధ్యనున్న సన్నని నాళాలలోనే ఖర్చు కావాలి. ప్వాజోయ్ తరువాతి పరిశోధనలకు ఈ తర్కమే దారి చూపింది.

సూక్ష్మ రక్తనాళాల పరిశీలన

1830 దశకంలో ప్వాజోయ్ కప్ప మొదలైన చిన్న జంతువుల పలుచని పొరలలోని రక్తనాళాలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించాడు. నాళం మధ్యభాగంలో రక్తకణాలు వేగంగా సాగిపోతుండగా, గోడల వద్ద కణాలు లేని ఒక పారదర్శకమైన పొర ఉండడం, అది దాదాపు నిశ్చలంగా కనిపించడం గమనించాడు. అనగా నాళంలోని ద్రవమంతా ఒకే వేగంతో కదలడం లేదు. గోడ వద్ద వేగం అతి తక్కువగాను, మధ్యలో అత్యధికంగాను ఉన్నది.

అయితే సజీవమైన నాళంలో ఏ ఒక్క రాశినీ స్థిరంగా ఉంచడం సాధ్యం కాదు. నాళం సంకోచిస్తుంది, వ్యాకోచిస్తుంది, కొమ్మలుగా చీలుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా పీడనం మారుతుంది. రక్తం బయటకు తీస్తే గడ్డకడుతుంది. ఏది దేనివలన మారుతున్నదో వేరుచేసి చెప్పాలంటే సమస్యను సరళం చేయాలి. అందుచేత ప్వాజోయ్ మెత్తని నాళానికి బదులు గట్టి గాజు కేశనాళికను, రక్తానికి బదులు నీటిని, గుండెకు బదులు ఒక పాత్రలో బంధించిన గాలి పీడనాన్ని తీసుకున్నాడు.

గాజు కేశనాళికలతో ప్రయోగాలు

ప్వాజోయ్ ప్రయోగ పరికరంలో ప్రధానమైనది ఒక చిన్న గాజు బుడ్డి. దానికి పైన, కింద సన్నని గీతలు ఉండేవి. బుడ్డి కింది కొసకు కేశనాళికను అతికేవాడు. బుడ్డిలో నీరు నింపి, పంపుతో గాలిని కుదించిన పాత్రతో దానిని కలిపేవాడు. గాలి పీడనం వలన నీరు కేశనాళిక గుండా బయటకు పోయేది. నీటిమట్టం పై గీత నుండి కింది గీతకు దిగడానికి పట్టిన కాలాన్ని కొలిచేవాడు. రెండు గీతల మధ్య ఘనపరిమాణం ముందే తెలుసు కనుక, ఒక సెకనులో ఎంత నీరు ప్రవహించిందో లెక్క తేలేది. పీడనాన్ని నీటి లేదా పాదరస పీడనమాపకంతో కొలిచేవాడు. ఉష్ణోగ్రత మారకుండా ఉండడానికి బుడ్డినీ, కేశనాళికనూ నీటి తొట్టిలో ముంచి ఉంచేవాడు. ప్రధాన ప్రయోగాలు 10 డిగ్రీల సెల్సియస్ వద్ద జరిగాయి.

ప్రధాన ప్రయోగాలలో వాడిన గొట్టాల లోపలి వ్యాసం సుమారు 0.03 మిల్లీమీటర్ల నుండి 0.14 మిల్లీమీటర్ల వరకు ఉండేది. మనిషి తలవెంట్రుక మందం కూడా ఈ హద్దుల మధ్యనే ఉంటుంది. ఇంత సన్నని రంధ్రాన్ని కొలవడమే ఈ ప్రయోగాలలో అతి కష్టమైన పని. గాజు గొట్టపు రంధ్రం చాలాసార్లు కచ్చితమైన వృత్తంగా ఉండదు, కొద్దిగా అండాకారంలో ఉంటుంది. ఒక కొస కంటే రెండవ కొస వెడల్పుగా ఉండవచ్చు. ప్వాజోయ్ ప్రతి గొట్టపు కొసలను సూక్ష్మదర్శిని కింద ఉంచి, రంధ్రపు పెద్ద, చిన్న వ్యాసాలు రెండింటినీ కొలిచి సగటు వ్యాసాన్ని నిర్ణయించాడు. నీటిలో ఏ చిన్న ధూళికణం ఉన్నా రంధ్రం మూసుకుపోతుంది కనుక నీటిని శుద్ధి చేసి వాడవలసి వచ్చేది.

ఈ జాగ్రత్త ఎందుకు అవసరమో ఫలితాన్ని చూస్తే అర్థమవుతుంది. ప్రవాహం వ్యాసపు నాలుగవ ఘాతంపై ఆధారపడుతుంది. అందువలన వ్యాసం కొలతలో ఒక శాతం తప్పు దొర్లితే ప్రవాహం లెక్కలో సుమారు నాలుగు శాతం తప్పు వస్తుంది.

ప్వాజోయ్ నియమము

ప్వాజోయ్ ఒకసారి ఒక రాశిని మాత్రమే మారుస్తూ, మిగిలినవాటిని స్థిరంగా ఉంచి ప్రయోగాలు జరిపాడు. ఆయన ఫలితాలను ఈ విధంగా చెప్పవచ్చు.

1. పీడనం: ఒకే గొట్టంలో రెండు కొసల మధ్య పీడన భేదం రెట్టింపయితే ప్రవాహం కూడా రెట్టింపవుతుంది. అనగా ప్రవాహం పీడన భేదానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

2. పొడవు: ఒకే గొట్టాన్ని క్రమంగా కత్తిరిస్తూ పొట్టిగా చేసుకుంటూ పోయాడు. పొడవు సగమయితే ప్రవాహం రెట్టింపయింది. అనగా ప్రవాహం పొడవుకు విలోమానుపాతంలో ఉంటుంది. అయితే గొట్టం మరీ పొట్టిదయినపుడు ఈ సంబంధం తప్పిపోతుందని కూడా ఆయన గమనించి నమోదు చేశాడు.

3. వ్యాసం: ప్రవాహం వ్యాసపు నాలుగవ ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వ్యాసం రెట్టింపయితే ప్రవాహం 16 రెట్లవుతుంది, మూడు రెట్లయితే 81 రెట్లవుతుంది.

4. ఉష్ణోగ్రత: నీరు వెచ్చనయ్యేకొద్దీ ప్రవాహం పెరుగుతుంది. ఆయన ఇచ్చిన సూత్రం ప్రకారం 0 డిగ్రీల వద్ద కంటే 45 డిగ్రీల వద్ద అదే గొట్టంలో నీరు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా ప్రవహిస్తుంది.

ప్వాజోయ్ తన సమీకరణంలో స్నిగ్ధత అనే రాశిని వాడలేదు. దాని స్థానంలో ద్రవాన్ని, ఉష్ణోగ్రతను బట్టి మారే ఒక స్థిరాంకాన్ని ఉంచాడు. ఆ స్థిరాంకం నుండి నీటి స్నిగ్ధతను లెక్కిస్తే వచ్చే విలువ ఆధునిక విలువకు ఒక శాతం లోపు తేడాతో సరిపోతుంది. నేడు ఈ నియమాన్ని ఈ క్రింది రూపంలో వ్రాస్తారు.

ప్రవాహ రేటు = (పై × పీడన భేదం × వ్యాసార్ధపు నాలుగవ ఘాతం) ÷ (8 × స్నిగ్ధత × గొట్టం పొడవు)

తరువాతి కాలంలో ఆయన నీటితో పాటు ఇతర ద్రవాలను, లవణ ద్రావణాలను కూడా పరీక్షించాడు. కొన్ని లవణాలు నీటి ప్రవాహాన్ని కొద్దిగా వేగవంతం చేస్తాయని, ఆల్కహాలు కలిపితే ప్రవాహం మందగిస్తుందని చూపాడు.

నాలుగవ ఘాతానికి కారణము

గొట్టంలో పట్టే ద్రవం అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి, అనగా వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. అందువలన వ్యాసం రెట్టింపయితే ప్రవాహం నాలుగు రెట్లు కావాలని తోచడం సహజం. పదహారు రెట్లు ఎందుకవుతుందో ఇలా వివరించవచ్చు.

గొట్టంలోని ద్రవాన్ని ఒకదానిలో ఒకటి ఇమిడిన పలుచని గొట్టాల వంటి పొరలుగా ఊహించుకోవాలి. గోడను అంటుకుని ఉన్న పొర కదలదు. దాని లోపలి పొర దానిపై జారుతూ నెమ్మదిగా కదులుతుంది. దానికంటే లోపలి పొర మరికొంత వేగంగా కదులుతుంది. మధ్యలో వేగం గరిష్ఠంగా ఉంటుంది. పొరల మధ్య ఘర్షణే స్నిగ్ధత. ఒక్కొక్క బిందువు వద్ద వేగాన్ని గీతగా గీస్తే అది పరావలయ ఆకారంలో ఉంటుంది. మధ్యలోని గరిష్ఠ వేగం సగటు వేగానికి సరిగ్గా రెండు రెట్లు ఉంటుంది.

గొట్టం వెడల్పయితే రెండు లాభాలు ఒకేసారి కలుగుతాయి. మొదటిది, ద్రవం పోవడానికి చోటు పెరుగుతుంది. ఇది వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెండవది, మధ్యభాగం నిశ్చలమైన గోడకు మరింత దూరమవుతుంది కనుక సగటు వేగం కూడా పెరుగుతుంది. ఇది కూడా వ్యాసపు వర్గాన్ని బట్టే పెరుగుతుంది. ఈ రెండు వర్గాల లబ్ధమే నాలుగవ ఘాతం. ఒక గొట్టం మోసే ద్రవాన్ని అదే పొడవు, అదే పీడన భేదం గల సగం వ్యాసపు గొట్టాలతో మోయించాలంటే వైశాల్యం లెక్కన నాలుగు గొట్టాలు చాలుననిపిస్తుంది. నిజానికి పదహారు కావాలి.

ప్రచురణ, అకాడమీ పరిశీలన

ప్వాజోయ్ తన తొలి ఫలితాలను 1838 లో పారిస్‌లోని ఒక విద్వత్ సంఘానికి తెలియజేశాడు. 1840, 1841 సంవత్సరాలలో ఫ్రెంచి సైన్స్ అకాడమీకి వరుసగా నివేదికలు సమర్పించాడు. అకాడమీ ఈ పరిశోధనను పరిశీలించడానికి అరాగో, బాబినే, పియోబేర్, రెన్యో అనే నలుగురు శాస్త్రజ్ఞులతో ఒక సంఘాన్ని నియమించింది. ఈ సంఘం 1842 లో అనుకూలమైన నివేదిక ఇచ్చింది. అకాడమీ పూర్తి వ్యాసాన్ని 1846 లో ప్రచురించింది. 1842 లోనే ప్వాజోయ్ ఫ్రెంచి వైద్య అకాడమీకి సభ్యుడిగా ఎన్నికయ్యాడు.

హేగెన్ పరిశోధనలు

ఇదే నియమాన్ని దాదాపు అదే సమయంలో మరొకరు స్వతంత్రంగా కనుగొన్నారు. ఆయన ప్రష్యా దేశంలోని కోనిగ్స్‌బర్గ్ పట్టణానికి చెందిన ఇంజనీరు గోథిల్ఫ్ హేగెన్. ఈయన కూడా 1797 లోనే జన్మించాడు. హేగెన్ కాలువలు, ఓడరేవుల నిర్మాణంలో నిపుణుడు. ఆయన కొన్ని మిల్లీమీటర్ల వ్యాసం గల మూడు ఇత్తడి గొట్టాలతో ప్రయోగాలు చేసి ఫలితాలను 1839 లో ప్రచురించాడు. ఆయన లెక్కల ప్రకారం వ్యాసపు ఘాతం 4.12 గా వచ్చింది. కొలతలలోని లోపాలను దృష్టిలో ఉంచుకుని అది 4 అయి ఉండాలని ఆయన నిర్ణయించాడు.

ముద్రణలో హేగెన్ ముందున్నాడు. విస్తృతిలోను, కచ్చితత్వంలోను ప్వాజోయ్ కొలతలు మిన్న. ఒకరు జలనిర్మాణాల అవసరం కోసం, మరొకరు శరీరధర్మ శాస్త్రం కోసం బయలుదేరి ఒకే ఫలితాన్ని చేరుకున్నారు. ఈ కారణంగా ఇరువురి పేర్లనూ కలిపి హేగెన్-ప్వాజోయ్ నియమం అనడం తరువాత వాడుకలోకి వచ్చింది.

సిద్ధాంతపరమైన వివరణ

ప్వాజోయ్ నియమం పూర్తిగా ప్రయోగాల మీద ఆధారపడినది. దానిని గణితపరంగా ఉత్పాదించడం తరువాత జరిగింది. ఇంగ్లండులో పనిచేసిన జార్జి గేబ్రియల్ స్టోక్స్ 1845 లో స్నిగ్ధత గల ద్రవాల చలన సమీకరణాలను ప్రచురిస్తూ, వృత్తాకార గొట్టంలోని ప్రవాహాన్ని కూడా లెక్కించాడు. అయితే గోడ వద్ద ద్రవం పూర్తిగా నిశ్చలంగా ఉంటుందా, కొంత జారుతుందా అనే విషయం నాటికి తేలలేదు. స్టోక్స్ తన లెక్కలను పెద్ద గొట్టాలలో పూర్వం జరిగిన ప్రయోగాలతో పోల్చి చూడగా అవి సరిపోలేదు. ఆ పెద్ద గొట్టాలలో ప్రవాహం సుడులతో కూడినది కావడమే ఇందుకు కారణం. ప్వాజోయ్ వాడిన సన్నని గొట్టాలలో సుడులు లేవు. ఆ కొలతలతో పోల్చి ఉంటే లెక్క చక్కగా సరిపోయేది.

1850 దశకం చివరిలోను, 1860 లోను జర్మనీకి చెందిన ఫ్రాంజ్ నాయ్‌మన్, స్విట్జర్లాండుకు చెందిన ఎడ్వర్డ్ హాగెన్‌బాఖ్ ఈ నియమాన్ని సిద్ధాంతపరంగా ఉత్పాదించారు. గోడ వద్ద ద్రవవేగం శూన్యమని భావిస్తేనే ప్వాజోయ్ కొలతలు వివరించబడతాయని దీనివలన స్పష్టమయింది. ఈ భావన ద్రవగతిశాస్త్రానికి మూలస్తంభాలలో ఒకటి. పొట్టి గొట్టాలలో నియమం ఎందుకు తప్పుతుందో కూడా హాగెన్‌బాఖ్ వివరించాడు. నిశ్చలంగా ఉన్న ద్రవం గొట్టంలో ప్రవేశించి వేగం పుంజుకోవడానికి కొంత పీడనం ఖర్చవుతుంది. పొడవైన గొట్టంలో ఈ ఖర్చు లెక్కకు రాదు, పొట్టి గొట్టంలో వస్తుంది. ఈ నియమానికి ప్వాజోయ్ పేరు పెట్టినవాడు కూడా హాగెన్‌బాఖే.

నియమపు పరిమితులు

ప్వాజోయ్ నియమం అన్ని ప్రవాహాలకు వర్తించదు. ద్రవపు పొరలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా సాఫీగా జారే స్తరీయ ప్రవాహానికి మాత్రమే ఇది చెల్లుతుంది. వేగం ఒక హద్దు దాటితే ప్రవాహంలో సుడులు పుట్టి అది సంక్షుబ్ధ ప్రవాహంగా మారుతుంది. ఈ మార్పు ఎప్పుడు జరుగుతుందో మాంచెస్టర్‌కు చెందిన ఆస్బోర్న్ రెనాల్డ్స్ 1883 లో రంగునీటి ప్రయోగాలతో చూపాడు. వేగం, వ్యాసం, సాంద్రతల లబ్ధాన్ని స్నిగ్ధతతో భాగించగా వచ్చే సంఖ్యను రెనాల్డ్స్ సంఖ్య అంటారు. గొట్టాలలో ఇది సుమారు 2000 కంటే తక్కువగా ఉన్నంతవరకు ప్రవాహం స్తరీయంగా ఉంటుంది.

ఉదాహరణకు, 20 మిల్లీమీటర్ల వ్యాసం గల ఇంటి నీటి గొట్టంలో నీటివేగం సెకనుకు సుమారు 10 సెంటీమీటర్లు దాటితే ఈ హద్దు దాటినట్లే. కుళాయి తిప్పినపుడు వేగం సాధారణంగా ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. కనుక ఇంటి గొట్టాలకు ప్వాజోయ్ నియమాన్ని నేరుగా వర్తింపజేయరాదు. తేనె, నూనె వంటి చిక్కని ద్రవాలకు, అతి సన్నని గొట్టాలకు ఇది చక్కగా వర్తిస్తుంది.

రక్తం విషయంలో మరొక చిక్కు ఉన్నది. నీటి స్నిగ్ధత వేగాన్ని బట్టి మారదు. కణాలతో నిండిన రక్తం అటువంటిది కాదు. నెమ్మదిగా కదిలేటప్పుడు అది మరింత చిక్కగా ప్రవర్తిస్తుంది. సుమారు 0.3 మిల్లీమీటర్ల కంటే సన్నని గొట్టాలలో రక్తపు స్నిగ్ధత తగ్గినట్లు కనిపిస్తుందని స్వీడన్‌కు చెందిన ఫారియస్, లిండ్‌క్విస్ట్ 1931 లో చూపారు. కణాలు గొట్టం మధ్యకు చేరడం, గోడ వద్ద కణాలు లేని పొర ఏర్పడడం దీనికి కారణం. ప్వాజోయ్ కప్పలలో చూసిన పారదర్శకమైన పొర ఇదే. ఇక అసలైన రక్తకేశనాళికల వ్యాసం 0.005 నుండి 0.01 మిల్లీమీటర్లు మాత్రమే. ఎర్రరక్తకణం వ్యాసమే సుమారు 0.008 మిల్లీమీటర్లు. అక్కడ కణాలు ఒకదాని వెనుక ఒకటిగా వంగి, సాగి వెళ్ళవలసి వస్తుంది. కనుక ఏ కేశనాళికల కోసం ప్వాజోయ్ ఈ పరిశోధన మొదలుపెట్టాడో, సరిగ్గా అక్కడే ఆయన నియమం యథాతథంగా వర్తించదు.

వైద్యంలో ప్రాముఖ్యత

అయినప్పటికీ రక్తప్రసరణను అర్థం చేసుకోవడానికి ఈ నియమం గొప్ప ఆధారమయింది. పీడనం మారకుండా ఉంటే, నాళపు వ్యాసార్ధం 10 శాతం తగ్గినపుడు ప్రవాహం సుమారు 34 శాతం తగ్గుతుంది. వ్యాసార్ధం 16 శాతం తగ్గితే ప్రవాహం సగమవుతుంది. వ్యాసార్ధమే సగమయితే ప్రవాహం పదహారవ వంతుకు పడిపోతుంది. రక్తనాళాల గోడలలో కొవ్వు పేరుకుని అవి సన్నబడినపుడు కలిగే ప్రమాద తీవ్రతను ఈ లెక్క సూచిస్తుంది. శరీరంలో ధమనులు కూడా కలిసి ఉంటాయి, రక్తం తరంగాలుగా ప్రవహిస్తుంది కనుక వాస్తవ ఫలితం ఇంత సూటిగా ఉండదు, కానీ దిశ ఇదే.

శరీరం ఇదే ధర్మాన్ని తనకు అనుకూలంగా కూడా వాడుకుంటుంది. ధమనులకు, కేశనాళికలకు మధ్యనున్న చిన్న ధమనికల గోడలలో కండరాలు ఉంటాయి. ఇవి కొద్దిగా బిగిసినా, వదులైనా ఆ అవయవానికి చేరే రక్తం బాగా మారుతుంది. రక్తప్రవాహానికి కలిగే నిరోధంలో అధికభాగం ఈ ధమనికలలోనే ఉంటుంది. రక్తపోటును తగ్గించే మందులలో కొన్ని ఈ నాళాలను వదులు చేయడం ద్వారానే పనిచేస్తాయి.

తీవ్ర రక్తస్రావంతో వచ్చిన రోగికి ద్రవాలు వేగంగా ఎక్కించవలసినపుడు వైద్యులు వెడల్పయిన, పొట్టి గొట్టం గల సూదిని ఎంచుకుంటారు. ప్రవాహం వ్యాసంతో ఎంతగా పెరుగుతుందో, పొడవుతో ఎలా తగ్గుతుందో తెలిపే ప్వాజోయ్ నియమమే దీనికి ఆధారం. పసిపిల్లల శ్వాసనాళాలలో కొద్దిపాటి వాపు కూడా పెద్దవారి కంటే ఎక్కువ ఇబ్బంది కలిగించడానికి కూడా ఇదే కారణం.

చివరి జీవితము

ప్వాజోయ్ తన జీవితమంతా పారిస్‌లోనే గడిపాడు. వైద్య అకాడమీ సభ్యుడిగా ఉంటూ ద్రవాల ప్రవాహం మీదనే గాక, శ్వాసక్రియ, జంతువుల శరీరంలో చక్కెర ఉనికి వంటి శరీరధర్మ విషయాలపై కూడా పరిశోధనలు చేశాడు. జీవితపు చివరి దశలో సీన్ ప్రాంతంలోని పాఠశాలల తనిఖీ బాధ్యతను కూడా నిర్వహించాడు. 1869 డిసెంబర్ 26 న పారిస్‌లో మరణించాడు.

గుర్తింపు

1913 లో డీలీ, పార్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు స్నిగ్ధత ప్రమాణానికి ప్వాజోయ్ గౌరవార్థం పాయిజ్ అనే పేరు ప్రతిపాదించారు. ప్వాజోయ్ పేరులోని మొదటి భాగాన్ని ఆంగ్ల పద్ధతిలో పలకగా వచ్చిన మాట ఇది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి స్నిగ్ధత పాయిజ్‌లో సుమారు నూరవ వంతు, అనగా ఒక సెంటీపాయిజ్. శరీర ఉష్ణోగ్రత వద్ద మనిషి రక్తపు స్నిగ్ధత సాధారణంగా 3 నుండి 4 సెంటీపాయిజ్‌లు ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణ వ్యవస్థలో స్నిగ్ధతకు పాస్కల్-సెకను ప్రమాణంగా ఉన్నది. ఒక పాస్కల్-సెకను 10 పాయిజ్‌లకు సమానం. కందెన నూనెలు, రంగులు, ఔషధ ద్రావణాల విషయంలో సెంటీపాయిజ్ అనే మాట ఇప్పటికీ విరివిగా వాడుకలో ఉన్నది.

ప్రయోగశాలలలో ద్రవాల స్నిగ్ధతను కొలిచే ఆస్ట్‌వాల్డ్ స్నిగ్ధతామాపకం ప్వాజోయ్ పద్ధతి మీదనే ఆధారపడి ఉన్నది. అందులోను రెండు గీతలు గల గాజు బుడ్డి, దాని కింద ఒక కేశనాళిక ఉంటాయి. విద్యార్థులు ద్రవమట్టం పై గీత నుండి కింది గీతకు దిగే కాలాన్నే కొలుస్తారు.